దినే వేళ

నోయెలీకి టెలిఫోన్ మీద నమ్మకం లేదు. తీగ ఎంత పొడుగుంటే గొంతు అంత పెంచాలని ఆమె లెక్క. అందుకే గురువారం పొద్దున కాఫీ హోటల్ మూలన నిలబడి ఆమె పారిస్‌తో మాట్లాడుతుంటే, ఆ మాటలు పారిస్ కంటే ముందు మా ఊరి రొట్టెల కొట్టుకీ, చర్చి మెట్లకీ చేరాయి.

"ఆదివారం! ఆఁ, ఈ ఆదివారమే! మీరూ, మదాం గారూ, అమ్మాయీ, ముగ్గురూ! మా ఇంటికి దినేకి రావాలి!"

అవతల ఉన్నాయన మొస్యే ఎద్మోన్ రావో. పారిస్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో దుప్పట్ల విభాగానికి అధికారి. ఆయన కూతురు ఒడీల్. నోయెలీ కొడుకు రెమీ సైన్యంలో చేరి పారిస్‌లో ఉన్న రోజుల్లో ఆ అమ్మాయి మీద మనసు పడ్డాడు. ఇంటికి తిరిగొచ్చి ఏడాదైనా, ఆవు పొదుగు దగ్గర కూర్చుని కూడా ఆ పేరే తలుచుకుంటున్నాడు. రావో కుటుంబం సెలవులకి కారులో సముద్రం ఒడ్డుకి పోతూ, దారిలో ఆగి అబ్బాయి ఇల్లు చూస్తారట. చూసి, పిల్లనివ్వాలో వద్దో తేల్చుకుంటారన్న సంగతి ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

"ఎన్ని గంటలకి రమ్మంటారు మదాం?" అని అవతలి గొంతు మర్యాదగా అడిగింది.

"ఎన్ని గంటలకేమిటండీ! దినేకి దినే వేళకి కాక ఇంకెప్పుడొస్తారు?"

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తీగ తెగిపోయిందేమోనని నోయెలీ ఫోన్‌ని ఒకసారి దులిపింది.

"అలాగే మదాం. దినేకి వస్తాం. చాలా సంతోషం" అన్నాడాయన చివరికి.

నోయెలీ ఫోన్ పెట్టేసి, పట్టాభిషేకం అయిన రాణిలా వెనక్కి తిరిగింది. పక్కింటి క్లెమాన్స్ కాఫీ పొడి పొట్లం చేతిలో పట్టుకుని, ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా విని నిలబడి ఉంది.

"పారిస్ వాళ్ళు మన తిండి తింటారంటావా నోయెలీ? వాళ్ళకి పళ్ళెం పెద్దదీ, దాంట్లో కూర చిన్నదీ ఉండాలట."

"నోరున్న వాళ్ళెవరైనా తింటారు."

"నువ్వు మరీ ఊరి మాట మాట్లాడకుండా, చక్కటి ఫ్రెంచిలో పిలిచావులే. విన్నాను. 'దినా' అనలేదు, 'దినే' అన్నావు."

అది ఎగతాళో మెచ్చుకోలో తేలలేదు కానీ, నోయెలీ మెచ్చుకోలు కిందే జమ వేసుకుంది. మధ్యాహ్నం భోజనాన్ని మా ఊరి మాటలో 'దినా' అంటాం. బడిలో నేర్పిన ఫ్రెంచిలో అదే 'దినే'. పారిస్ మనిషితో మాట్లాడుతున్నానని గుర్తుపెట్టుకుని ఆమె నోటిని కడిగి మరీ ఆ మాట వాడింది.

శుక్రవారం ఇల్లంతా ఆమె చేతుల కింద పడి నలిగింది. భోజనాల బల్లని ఇసకతో తోమి, వేడినీళ్ళు గుమ్మరించి, ఎండలో పెట్టి, మళ్ళీ తోమింది. పొయ్యి మీది రాగి గిన్నెల్ని ఉప్పూ వెనిగరూ పెట్టి రుద్దుతుంటే, వాటిలో కనబడే సొంత ముఖాన్ని కూడా పక్కకి జరగమనేలా ఉంది. శనివారం రెండు కోళ్ళు కోసింది. వాటిని మరిగే నీళ్ళలో ముంచి తీసి, ఒళ్ళో గోనెపట్టా పరుచుకుని, ఈకల్ని పిడికిట్లోకి లాగుతూ గుమ్మంలో కూర్చుంది. చిన్న నూగుని కాల్చడానికి గడ్డి మంట వేసి, కోడిని కాళ్ళూ మెడా పట్టుకుని మంట మీద అటూ ఇటూ తిప్పింది. కసాయి దగ్గర దూడమాంసం ఏ ముక్క కావాలో తనే వేలు పెట్టి చూపించింది. బంగాళాదుంపల్ని కాగితం అంత పల్చగా కోసి, పిండి పొరల మధ్య పేర్చి, నడుమ మీగడ పోయడానికి ఒక బొక్క వదిలి, పైన పొర మూసి, అంచుల్ని బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చింది. ఆ బొటనవేలి గుర్తులు చూస్తే చాలు, అది నోయెలీ చేసిన దుంపల 'పై' అని ఊళ్ళో ఎవరైనా చెప్తారు.

పిండిలో చెర్రీ పళ్ళు వేసి కాల్చే కేకు దగ్గర రెమీ అడ్డం పడ్డాడు.

"అమ్మా, గింజలు తీసేసి వెయ్యవే. వాళ్ళకి అలవాటుండదు."

"గింజ తీస్తే రసమంతా కారి పిండి జావ అయిపోతుంది. రుచి గింజలోనే ఉంది."

"మదాం రావో గింజలు ఉమ్ముకుంటూ కూర్చోవాలా?"

"ఉమ్మడం రాకపోతే నేర్పిస్తాను. అదేమన్నా పెద్ద చదువా?"

రెమీ తల పట్టుకున్నాడు. పాతికేళ్ళవాడు, ఎద్దు కొమ్ములు పట్టుకుని నిలబెట్టగలడు, తల్లి ముందు మాత్రం ఏ వాదనా నెగ్గింది లేదు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.

"అమ్మా, వాళ్ళకి మన ఇల్లు నచ్చకపోతే ఒడీల్ వాళ్ళ మాట కాదని రాదు. వాళ్ళని కష్టపెట్టదు. నాకు తెలుసు. అంతా రేపటి మీదే ఉంది."

"నాకు తెలియదనుకున్నావా?" అంది నోయెలీ తల ఎత్తకుండా. గిన్నెలో గుడ్లు గిలకొడుతున్న చెయ్యి మాత్రం కాస్త వేగంగా తిరిగింది.

ఆదివారం పన్నెండు కొట్టేసరికి బల్ల మీద పెళ్ళినాటి తెల్ల దుప్పటి పరిచి ఉంది. నోయెలీ మరిది లెయొనార్, ఊపిరాడనివ్వని కాలరు పెట్టుకుని, కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్నాడు. ముసలాడు తాపీమేస్త్రి. వయసులో ఉండగా పారిస్‌లో, సరిహద్దు దాటి లియేజ్‌లో, జెనీవాలో గోడలు కట్టి వచ్చినవాడు. అన్న పోయాక ఈ ఇంటికి పెద్ద దిక్కు తానేనని అతని అభిప్రాయం. నోయెలీ అభిప్రాయం వేరే.

పన్నెండున్నర అయింది. కోళ్ళు ఎర్రగా వేగి, రసం కక్కుతున్నాయి. నోయెలీ వాటిని పొయ్యి మధ్యలోంచి అంచుకి జరిపింది. ఒంటిగంట అయింది. దుంపల 'పై' మీది పొర బంగారు రంగు దాటి ముదురు రంగు తిరుగుతోంది. దాన్ని బయటికి తీసి గుడ్డ కప్పింది. దూడమాంసం పులుసు చిక్కబడితే వేడినీళ్ళు పోసింది, మళ్ళీ చిక్కబడింది, మళ్ళీ పోసింది. మూడోసారి పొయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇంకా నీళ్ళు పోస్తే ఆమె ఆ పులుసుకి తన పేరు పెట్టుకోలేదు.

ఆ సమయానికి క్లెమాన్స్ వెనిగరు అప్పుకొచ్చింది. వాళ్ళింట్లో వెనిగరు పీపా నిండా ఉంటుంది.

"ఇంకా రాలేదా?" అంది బల్ల మీద బోర్లించిన పళ్ళేలని ఎగాదిగా చూస్తూ. "కారు చెడిపోయిందేమో పాపం. లేకపోతే దారిలో మంచి హోటల్ తగిలిందేమో."

నోయెలీ సీసా నింపి ఆమె చేతిలో పెట్టింది.

రెమీ సైకిలేసుకుని పెద్దరోడ్డు దాకా పోయి, చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు. ఏ కారూ లేదు. వాడి ముఖం చూడగానే నోయెలీకి భయం వేసింది. వెనకే కోపం వచ్చింది. ఆ కోపమే ఆమెని నిలబెట్టింది. రావడం ఇష్టం లేకపోతే ఫోన్‌లోనే చెప్పొచ్చుగా. ఒక ఆడమనిషి రెండు రోజులు నడుం విరగ్గొట్టుకుని వండితే, ఇంటిల్లిపాదినీ బల్ల ముందు బొమ్మల్లా కూర్చోబెట్టి రాకుండా పోతారా? వెళ్ళిపోతున్న క్లెమాన్స్‌ని ఆమె గుమ్మంలోంచి కేకేసింది.

"క్లెమాన్స్! మీ ఆయన్నీ పిల్లల్నీ తీసుకురా. ఆ రోడ్డు బాగుచేసే మార్షలుని కూడా పిలువు, కట్టమీద ఉల్లిపాయా రొట్టే నముల్తున్నాడు. ఇక్కడ దినే తయారుగా ఉంది."

"అమ్మా! కాస్త ఆగు. ఆలస్యమై ఉంటుంది" అని రెమీ అడ్డొచ్చాడు.

"వంట ఆగదు. నా ఇంట్లో వడ్డించేది వేళకి వడ్డిస్తాను. వేళ దాటాక చల్లారిన కోడిని ముందు పెట్టి, మదాం ఇదే మా మర్యాద అననా?"

వచ్చినవాళ్ళు మొదట మొహమాటపడ్డారు. దుంపల 'పై' మధ్యలో బొక్కలోంచి మీగడ పొంగి పొరల్లోకి ఇంకడం చూశాక మొహమాటం మరిచిపోయారు. నోయెలీ కూర్చోకుండా, మా ఆడవాళ్ళందరి లాగే బల్ల చుట్టూ తిరుగుతూ వడ్డించింది. అది బాగుంది, ఇది బాగుంది అని వాళ్ళంటుంటే, ఒక్కో మాటా ఆమె కోపానికి కాస్త మందు రాసింది. క్లెమాన్స్ అయితే మూడోసారి పులుసు పోయించుకుని, "ఆ పారిస్ వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో వాళ్ళకి తెలీదు" అంది. ఈసారి ఎగతాళి ఎక్కడా లేదు.

చెర్రీ గింజలు పళ్ళేల అంచున కుప్పలు పడ్డాక, లెయొనార్ కాలరు విప్పేసి, చివరి కోడికాలు చప్పరిస్తూ అడిగాడు.

"వదినా, ఇంతకీ ఆ ఫోన్‌లో నువ్వు ఏమన్నావు? మధ్యాహ్నం రమ్మన్నావా?"

"మధ్యాహ్నం అని వేరే చెప్పాలా? దినేకి రమ్మన్నాను."

లెయొనార్ కోడికాలు నోటి దగ్గరే ఆగిపోయింది. రెమీ ముఖం పాలిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చచ్చాం" అన్నాడు రెమీ.

"పారిస్‌లో దినే అంటే రాత్రి భోజనం వదినా" అని లెయొనార్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "వాళ్ళు రాత్రికొస్తారు! మనం వాళ్ళ దినే కూడా తినేశాం!"

"నీకు ముందే తెలుసా?" అని నోయెలీ ఒంటికాలి మీద లేచింది. "నువ్వు పారిస్‌లో పదేళ్ళున్నావు. వీడు రెండేళ్ళున్నాడు. ఇద్దరికిద్దరూ తెల్లారగట్ట నుంచీ నా పక్కనే కూర్చుని ఒక్కళ్ళకీ తట్టలేదా?"

"ఎలా తడుతుందమ్మా?" అన్నాడు రెమీ జాలిగా. "ఇక్కడ దినే అంటే మధ్యాహ్నమే గుర్తొస్తుంది. అక్కడుంటే రాత్రి గుర్తొస్తుంది. రెండూ ఒకేసారి బుర్రలోకి రావు."

లెయొనార్‌కి మాత్రం ఇది నవ్వుకునే సంగతే. "లియేజ్‌లో దినే మధ్యాహ్నం వదినా, మనలాగే. జెనీవాలోనూ మధ్యాహ్నమే. యుద్ధంలో కెనడా వాడొకడు కలిశాడు, సముద్రం అవతల వాళ్ళకీ మధ్యాహ్నమేనట. పారిస్ వాళ్ళే దాన్ని రాత్రికి తోసేశారు. లియేజ్‌లో చర్చి ఫాదర్ చెప్పేవాడు, లాటిన్‌లో ఆ మాటకి అర్థం ఉపాసం విడవడమట. అంటే నిద్రలేచి మొదట నోట్లో పెట్టుకునే ముద్ద. మనం పొద్దున రొట్టెకి దెజూనే అంటామా, అదీ ఇదీ ఒకే లాటిన్ తల్లికి పుట్టిన అన్నదమ్ములట. దొరలు ఆలస్యంగా లేచేకొద్దీ, దినే కూడా వాళ్ళ వెనకే జరిగీ జరిగీ దీపాల వేళకి పోయిందట. దెజూనే పోయి ఖాళీ అయిన మధ్యాహ్నంలో కూర్చుంది. పొలానికి పోయేవాళ్ళం మనం, జరగడానికి మనకి తీరికేదీ?"

"అయితే జరిగింది వాళ్ళు. నేను కాదు" అంది నోయెలీ.

"ఎవరు జరిగితే ఏముందే! సాయంత్రం ఏం పెడతావు?" అని రెమీ అరిచాడు. వాడు తల్లి మీద అరవడం అదే మొదలు. క్లెమాన్స్ పిల్లలు కూడా గింజలు ఉమ్మడం ఆపేశారు.

క్లెమాన్స్ గొంతు సవరించుకుంది. ఆమెకీ లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటోంది, మూడుసార్లు పోయించుకున్న మనిషి మరి. "నా పుంజుని ఇస్తాను నోయెలీ. ఇప్పుడు కోస్తే రాత్రికి ఉడుకుతుంది."

ఆ పుంజు క్లెమాన్స్‌కి ప్రాణమని ఊరంతటికీ తెలుసు. నోయెలీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"వద్దు. కంగారుగా కోసి, కంగారుగా వండి, మధ్యాహ్నం నుంచీ మీకోసమే కాచుకున్నామని అబద్ధం చెప్పలేను. మా ఇంట్లో దినే అయిపోయింది. రాత్రి మేం తినేది సూప్. వాళ్ళకీ సూపే."

"సూప్ పెడితే ఆవిడ ఏమనుకుంటుంది? నా పెళ్ళిని ఒక మాట కోసం పాడుచేస్తావా?"

"పెళ్ళయ్యాక ఆ పిల్ల రోజూ రాత్రి ఈ ఇంట్లో తినేది ఏమిట్రా? దూడమాంసమా? చూడటానికే వస్తున్నారుగా. ఉన్నది చూడనీ."

రెమీ తలుపు విసిరి బయటికి పోయాడు. వాడి సైకిలు చప్పుడు దూరమయ్యేదాకా నోయెలీ కదల్లేదు. తరవాత బల్ల తుడిచింది. లోపల భయంగానే ఉంది. కొడుకు సుఖం మీద పందెం కాస్తున్నానని ఆమెకి తెలుసు. అయినా చేతులు తమ పని తాము మొదలుపెట్టాయి. ఉప్పు పట్టించిన పంది కొవ్వు ముక్కని తోలుతో సహా నీళ్ళలో వేసింది. అది మెత్తబడ్డాక బయటికి తీసి, తోలు మీది కొవ్వుని ఫోర్కు వెనకతో నలిపీ నలిపీ వెన్నలా చేసి, తిరిగి కుండలో కలిపింది. పెరట్లో కేబేజీ కోసి, ఆకులు చేత్తో చింపి వేసింది. ఉల్లికాడలూ, టర్నిప్‌లూ, నాలుగు బంగాళాదుంపలూ వేసింది. నిన్నటి రై ధాన్యపు రొట్టెని పల్చగా కోసి గిన్నెల అడుగున పరిచింది. ఈ పని ఆమె నలభై ఏళ్ళుగా ప్రతి సాయంత్రం చేస్తోంది, ఈ సాయంత్రం మాత్రం ఏ ఒక్క ఆకునీ తొందరపెట్టలేదు.

ఏడు దాటాక నల్లటి కారు గుమ్మంలో ఆగింది. పూలగుత్తితో మదాం రావో దిగింది, సన్నగా, నిటారుగా, తల మీద చిన్న టోపీ. ఒడీల్ దిగీ దిగగానే రెమీ కోసం చూసింది. వాడు అప్పటికే తిరిగొచ్చి కొట్టం దగ్గర నిలబడి ఉన్నాడు, ఉరిశిక్ష వినబోయేవాడి ముఖంతో. మొస్యే రావో చివర దిగాడు. లావుపాటి మనిషి, పల్చటి మీసం, మెడకి టై. నోయెలీ ముఖం మీదికి ఆయన చూపు సూటిగా రాలేదు.

నోయెలీ గుమ్మం మధ్యలో నిలబడింది.

"రండి, లోపలికి రండి. ముందే చెప్తున్నాను, దినే మధ్యాహ్నమే అయిపోయింది. మా దగ్గర దినే అంటే మధ్యాహ్నం. పన్నెండు నుంచీ మీ కోసం చూసి, ఊళ్ళోవాళ్ళని పిలిచి పెట్టేశాను. ఇప్పుడు సూప్ ఉంది, రొట్టె ఉంది, చీజ్ ఉంది. రాత్రికి మేం తినేది అదే."

మదాం రావో చేతిలో పూలగుత్తి అలాగే ఉండిపోయింది.

"అయ్యో! మధ్యాహ్నమా?" అంది. "నేను పొద్దున్నుంచీ వీళ్ళిద్దరినీ ఏమీ తిననివ్వలేదు. పల్లెటూళ్ళో ఎంతో కష్టపడి వండుతారు, కడుపు నింపుకుని వెళ్తే మర్యాద కాదని. దారిలో ఒక్క ఆపిల్ పండు తిన్నాం ముగ్గురం."

నోయెలీకి తల కొట్టేసినట్టయింది. రోజంతా లోపల నూరి పెట్టుకున్న మాటలు ఆమెకి ఒక్కటీ పనికిరాకుండా పోయాయి. వీళ్ళు అవమానించలేదు. ఆకలితో వచ్చారు. ఆమె పూలు అందుకుని, కుర్చీలు లాగింది.

సూప్ గిన్నెల్లోంచి ఆవిరి లేచింది. మదాం రావో కేబేజీని చెంచా అంచున మర్యాదగా అందుకుని తింటోంది, ఆకలి మాత్రం మర్యాద వెనక దాగడం లేదు. ఒడీల్ రొట్టె ముక్కని రెమీ వైపు జరిపింది. రెమీ తల ఎత్తలేదు. లెయొనార్ ఏదో హాస్యమాడబోయి, నోయెలీ చూపు తగిలి మానేశాడు.

నోయెలీ మాత్రం మొస్యే రావోని గమనిస్తోంది. ఆయన పళ్ళెం పక్కన పెట్టిన కత్తి ముట్టుకోలేదు. జేబులోంచి చిన్న మడత కత్తి తీసి, రొట్టెని ఎడమ పిడికిట్లో పట్టుకుని, బొటనవేలి వైపుకి కోసుకుంటున్నాడు. కోసిన ముక్కని కత్తి మొనతోనే నోట్లో పెట్టుకుంటున్నాడు. అలా కోసుకోవడం దుకాణంలో నేర్పరు. ఆయనకి తను చేస్తున్నది తెలిసినట్టు లేదు.

సూప్ గిన్నె అడుగుకొచ్చింది. మొస్యే రావో చెంచా కింద పెట్టాడు. గిన్నెలో మిగిలిన కాస్త వేడి సూప్‌ని చూస్తూ కూర్చున్నాడు. తరవాత, ఎవరో చెయ్యి పట్టి నడిపిస్తున్నట్టు, ఎర్ర వైన్ సీసా అందుకుని ఆ సూప్‌లోకి ఒంపాడు. గిన్నెని ఒకసారి గుండ్రంగా తిప్పాడు. మోచేతులు రెండూ బల్ల మీద ఆనించి, గిన్నెని రెండు చేతులా ఎత్తి, గుటగుటా తాగేశాడు. మీసం ఎర్రగా తడిసింది.

మదాం రావో చెంచా గిన్నెకి తగిలి ఠంగుమంది.

"ఎద్మోన్!"

ఆయన వినిపించుకోలేదు. నోయెలీ వైపు తిరిగాడు. ఇప్పుడు చూపు సూటిగానే ఉంది.

"మా ఊళ్ళో దీన్ని గొదాయ్ అంటాం. మీరేమంటారు?"

"షాబ్రోల్" అంది నోయెలీ. "మేం షాబ్రోల్ అంటాం మొస్యే."

"ఏ ఊళ్ళో? నీది తూర్ నగరం కదా. మీ నాన్నగారు ఆఫీసులో పనిచేసేవారు కదా" అంది మదాం రావో.

"మా నాన్న సాంతోంజ్ పల్లెల్లో ఒకరి పొలంలో పాలేరు. నేను అక్కడే పుట్టాను." ఆయన మాట మారిపోయింది. పారిస్ నున్నదనం పోయి, అక్షరాలు వెడల్పుగా సాగుతున్నాయి. "మధ్యాహ్నం మా అమ్మ గట్టు మీద నిలబడి 'దినేకి రండర్రా పిల్లలూ' అని కేకేసేది. ఆ కేక మూడు పొలాల అవతలికి వినబడేది. మదాం, గురువారం ఫోన్‌లో మీరు ఆ మాట అన్నప్పుడు అచ్చం మా అమ్మ గొంతే విన్నట్టయింది. అది మధ్యాహ్నం అని నాకు ఆ క్షణమే తెలుసు."

నోయెలీ గరిటె కింద పెట్టింది.

"తెలిసీ చెప్పలేదా?" అంది నోయెలీ.

"చెప్పలేదు. చెప్తే, నీకెలా తెలుసని ఇంట్లో అడుగుతారు. ముప్పై ఏళ్ళు ఆ మాటలన్నీ ఒక్కొక్కటీ నోట్లోంచి పీకి పారేశాను మదాం. వాటిని మాట్లాడేవాళ్ళని చూసి దుకాణంలో అందరితోపాటు నవ్వాను కూడా. మీ రెండు రోజుల కష్టం నా సిగ్గు వల్ల పాడైంది. నన్ను క్షమించండి."

నోయెలీ చూస్తున్నది మదాం రావోని. ఆ ఇల్లాలు కోపంతో లేచి వెళ్ళిపోతుందని రెమీ అప్పటికే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆమె లేవలేదు. భర్త చేతిలోని ఖాళీ గిన్నె వైపు చూస్తోంది.

"ముప్పై ఏళ్ళు" అంది చిన్నగా. "ప్రతి రాత్రీ నువ్వు సూప్ అడుగున కాస్త వదిలేస్తావు. వదిలేసి దాన్నే చూస్తూ కూర్చుంటావు. నా వంట నచ్చలేదనుకున్నాను. ఉప్పు తగ్గించి చూశాను. మీగడ కలిపి చూశాను. మా అమ్మని అడిగాను, పుస్తకాలు కొన్నాను. పెళ్ళైన కొత్తలో దానికోసం ఏడ్చాను కూడా."

మొస్యే రావో ముఖం ఎర్రబడింది. "నీ సూప్ ఎప్పుడూ బాగానే ఉండేది జెర్మేన్. వైన్ పోసుకోవడానికి నాకే ధైర్యం చాల్లేదు."

నోయెలీ పొయ్యి వైపు తిరిగింది. ఆమెకి ఆ క్షణం ఈ ఇద్దరి మీదా జాలీ, తన ఇంటి మీద గర్వమూ ఒకేసారి పొంగాయి. ముప్పై ఏళ్ళు పారిస్ చెయ్యలేని పని తన కుండ చేసింది. పొయ్యి మీంచి కుండ తెచ్చి, మదాం రావో గిన్నెలో గరిటెడు, అడుగు తడిసేంత మాత్రమే పోసి, వైన్ సీసా ఆమె ముందుకి జరిపింది. చూపించాల్సింది చూపించింది.

మదాం రావో సీసాని ముందు వేళ్ళతో, తరవాత చేత్తో పట్టుకుంది. రెండు చుక్కలు పోసింది.

"ఆ కాస్త వైన్ గిన్నెకి ఏ మూలకి మదాం? ఇంకా పొయ్యండి!" అని లెయొనార్ ఆపుకోలేకపోయాడు.

ఆమె మరికాస్త పోసింది. టోపీ తీసి పక్కన పెట్టింది. మోచేతులు బల్ల మీద పెట్టడానికి ఒక్కసారి వెనకాడి, పెట్టింది. గిన్నె ఎత్తి తాగింది. పూర్తిగా తాగాక చాలాసేపు గిన్నెని దించలేదు. దించేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి, అది వైన్ ఘాటో మరేదో నోయెలీ అడగలేదు. ఒడీల్ అప్పటికే తన గిన్నెలో వైన్ పోసుకుంది, ఎవరి అనుమతీ అడగకుండా, గిన్నె సగం దాకా. రెమీ ఆ పిల్లని చూసి పొద్దున్నుంచీ మొదటిసారి నవ్వాడు.

మదాం రావో చేతిరుమాలుతో పెదాలు అద్దుకుని, మళ్ళీ పారిస్ ఇల్లాలి గొంతు తెచ్చుకుని అడిగింది.

"పెళ్ళి విందులో ఈ సూప్ పెడతారా మదాం?"

రెమీ ఉలిక్కిపడ్డాడు. ఆమె అన్న మాట బుర్రకి ఎక్కడానికి వాడికి కాసేపు పట్టింది. "పెళ్ళిలోనా? పెళ్ళిలో సూప్ ఎవరూ పెట్టరండీ, నామోషీ..." అంటూ నీళ్ళు నమిలాడు.

"పెడతాం" అంది నోయెలీ.

అని, ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ మొదటిసారి కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. మొస్యే రావో లేచి, గరిటె తీసుకుని, ఆమె గిన్నెలో సూప్ వడ్డించాడు.